నాన్న కేస్ షీట్ చేతికొచ్చేదాకా: నా అనుభవం

ప్రైవేటు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేటప్పుడు మన చేతికిచ్చే ఫైల్లో డిశ్చార్జ్ సమ్మరీ, కొన్ని రిపోర్టులు, బిల్లులు ఉంటాయి. అసలు కేస్ షీట్ ఆసుపత్రిలోనే ఉండిపోతుంది. ఎమర్జెన్సీలో మొదట చూసిన డాక్టరు రాసిన నోట్స్, ఐసీయూలో నర్సులు గంటగంటకీ నింపిన చార్టులు, ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో రాసిన షీటు, హడావుడిలో మనం సంతకాలు పెట్టిన అంగీకార పత్రాలు, అన్నీ అందులోనే. ఆ కాగితాల కాపీలు అడిగి తీసుకునే హక్కు మనకుందని చాలామందికి తెలియదు. మా నాన్న కేస్ షీట్ రాబట్టడానికి ఏం చేశానో, ఎక్కడ అడ్డుపడ్డారో, ఏది పనికొచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. రేపు ఎవరికైనా అక్కరకొస్తుంది.

2025 ఫిబ్రవరిలో నాన్నకు ఖమ్మంలో గుండెపోటు వచ్చింది. అక్కడి డాక్టరు మొదటి వైద్యం చేసి వెంటనే హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. బాబాయి అంబులెన్సులో వెంట వెళ్లాడు. అక్కడ ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో అర్ధరాత్రి యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేశారు. వైద్యంలో వాళ్లకు వంక పెట్టను. నాన్న ఈరోజు మా మధ్య తిరుగుతున్నాడంటే ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ల చలవే. గొడవంతా ఆ తర్వాత, కాగితాల దగ్గర మొదలైంది.

ఆ ఆసుపత్రి మా ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో లేదు. బిల్లు మేమే కట్టి, రీయింబర్స్‌మెంట్‌కి పెట్టుకున్నాం. కొన్ని వారాలకు ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం వచ్చింది. డిశ్చార్జ్ సమ్మరీలో ‘12 సంవత్సరాలుగా షుగర్’ అని ఉందట. 2021లో పాలసీ తీసుకున్నప్పుడు ఆ సంగతి దాచారట. కాబట్టి క్లెయిమ్ తిరస్కరిస్తున్నారట. పాలసీకి 60 నెలలు నిండితే, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారన్న పేరుతో క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు. ఈ గడువు ఇదివరకు ఎనిమిదేళ్లుండేది, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఐదేళ్లకు తగ్గించింది. మా పాలసీకి ఇంకా నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ నిబంధన మమ్మల్ని కాపాడదు.

నాన్నకు షుగర్ ఉన్నట్టు తెలిసిందే 2023 ఆగస్టులో. ఆయన ఆర్టీసీ డిపో స్టోర్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. చిన్న రసీదైనా పారేయరు. 2023 నాటి ల్యాబ్ రిపోర్టు, అంతకుముందు ఏడాది షుగర్ మామూలుగానే ఉన్నట్టున్న రిపోర్టు, రెండూ ఆయన రెగ్జిన్ సంచీలో ఉన్నాయి. ఉత్తరం చదివి వినిపిస్తే డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. “నేను అబద్ధం చెప్పానని రాశారా?” అని అడిగారు. నేను దీని వెంట పడింది ఆ మాట కోసమే.

ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేస్తే, ‘ఆసుపత్రి రాసిందే మేం చూస్తాం, మీ ఇంట్లో రిపోర్టులు మాకు లెక్కలోకి రావు’ అన్నారు. అంటే ఆ 12 ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చాలి. డిశ్చార్జ్ సమ్మరీ అనేది రోగి ఇంటికెళ్లే రోజున ఎవరో కంప్యూటర్‌లో టైప్ చేసే కాగితం. దానికి మూలం ఎమర్జెన్సీ షీటు, వార్డు నోట్స్. ఆ మూలం చూడకుండా వాదన లేదు.

ఆసుపత్రికి వెళ్లి బిల్లింగ్ కౌంటర్లో అడిగితే, డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చాం కదా, ఇంకేం కావాలన్నారు. రికార్డుల విభాగం ఒకటి ఉంటుంది, ఎంఆర్‌డీ అంటారు. మామూలుగా కింది అంతస్తులో, బోర్డు కూడా సరిగా కనపడని చోట ఉంటుంది. అక్కడికి వెళ్తే డాక్టరు గారి అనుమతి కావాలన్నారు. డాక్టరు గారి సెక్రటరీని అడిగితే అడ్మినిస్ట్రేషన్ చూసుకుంటుందన్నారు. అడ్మినిస్ట్రేషన్‌లో ఒకాయన, “ఇన్సూరెన్స్ కంపెనీ మాకు మెయిల్ పెడితే వాళ్లకే పంపిస్తాం మేడమ్, పేషెంట్‌కి కేస్ షీట్ ఇవ్వం, కోర్టు ఆర్డరుంటే తప్ప” అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశారు.

ఇదంతా నోటిమాట. నోటితో అడిగితే నోటితోనే కాదంటారు, రేపు మనం అడిగినట్టు ఆధారమే ఉండదు. అందుకని ఇంటికొచ్చి ఉత్తరం రాశాను.

ఈ ఉత్తరం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పని జరిగింది దీనివల్లే. భారత వైద్య మండలి 2002లో వైద్యుల వృత్తి నియమావళి తెచ్చింది. అందులో 1.3.1 ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్లు భద్రపరచాలి. 1.3.2 ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన సహాయకుడు గానీ అడిగితే, అడిగినట్టు రసీదివ్వాలి, 72 గంటల్లో కాగితాలివ్వాలి. ఇవ్వకపోతే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన కింద వస్తుందని అదే నియమావళిలో 7.2 చెబుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ నియమాలు డాక్టర్లను ఉద్దేశించి రాసినవి, ఆసుపత్రి యాజమాన్యాన్ని ఉద్దేశించి కాదు. కాబట్టి ఉత్తరం మెడికల్ సూపరింటెండెంట్ ఒక్కరి పేరుతో రాస్తే సరిపోదు, వైద్యం చేసిన డాక్టరు పేరు కూడా పెట్టాలి. నేను ఇద్దరికీ కలిపి రాశాను.

నాన్న పేరు, ఆసుపత్రి రోగి గుర్తింపుకిచ్చిన యూహెచ్‌ఐడీ నంబరు, ఆ అడ్మిషన్‌కిచ్చిన ఐపీ నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ రాశాను. ‘మెడికల్ రికార్డులు ఇవ్వండి’ అని ఊరుకుంటే మళ్లీ అదే డిశ్చార్జ్ సమ్మరీ చేతిలో పెడతారు. అందుకే ఏమేం కావాలో విడివిడిగా రాశాను: ఎమర్జెన్సీలో తొలి పరీక్ష షీటు, అడ్మిషన్ నోట్స్, నర్సింగ్ తొలి అసెస్‌మెంట్, రోజువారీ ప్రోగ్రెస్ నోట్స్, మందుల చార్టు, ఐసీయూ చార్టులు, అంగీకార పత్రాలు, స్టెంట్ వేసిన గది (క్యాథ్ ల్యాబ్) నోట్స్, యాంజియో సీడీ, స్టెంట్ స్టిక్కర్, ల్యాబ్ రిపోర్టులన్నీ. ప్రతి పేజీకీ నంబరు, ఆసుపత్రి ముద్ర ఉండాలని కోరాను. జిరాక్సు ఖర్చు మేమే భరిస్తామన్నాను. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలోనూ ఇదే ఉంది. ఆసుపత్రిలో ఉండగా వీలైతే 24 గంటల్లో, డిశ్చార్జ్ తర్వాత 72 గంటల్లో, ఫొటోకాపీ ఖర్చు తీసుకుని ఇవ్వాలని అది చెబుతుంది. సంతకం నాన్నదే. ఆయన ఆధార్ కాపీ, కాగితాలు నాకు ఇవ్వవచ్చని ఆయన రాసిన అధికార పత్రం జత చేశాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని ప్రతి వాక్యం చదివాకే సంతకం పెట్టారు.

ఉత్తరం తీసుకెళ్తే ఇన్‌వర్డ్ ముద్ర వేయడానికి రిసెప్షన్‌లో ఒప్పుకోలేదు. ‘పెట్టేసి వెళ్లండి, చూస్తాం’ అన్నారు. పెట్టేసి రాలేదు. అదే రోజు పోస్టాఫీసుకెళ్లి అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్టు చేశాను, స్కాన్ చేసి ఆసుపత్రి గ్రీవెన్స్ మెయిల్‌కీ పంపాను. 2025లోనే తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. ఇప్పుడు పంపేవాళ్లు స్పీడ్ పోస్టులోనే, ఎవరు అందుకున్నారో ఆధారం వచ్చేలా పంపించుకోండి. ఆ పోస్టు అందిన తేదీ నుంచే 72 గంటలు లెక్క.

గడువు దాటాక వాళ్ల లీగల్ విభాగం నుంచి మెయిల్ వచ్చింది. మీరు చెప్పిన 2002 నియమాలు పోయి 2023లో కొత్తవి వచ్చాయి, పైగా కేస్ షీట్ ఆసుపత్రి ఆస్తి అని దాని సారాంశం. మొదటిది చదివి నిజమేమోనని కంగారుపడ్డాను. తవ్వితే విషయం తెలిసింది. భారత వైద్య మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నిబంధనలు ఇచ్చిన మాట నిజమే. కానీ అదే నెల 23న వాటిని పక్కనపెట్టి, 2002 నియమావళినే మళ్లీ అమల్లోకి తెచ్చింది. పైగా ఆ కొత్త నిబంధనల్లో కూడా రికార్డులు ఇవ్వొద్దని లేదు. 72 గంటలకు బదులు ఐదు పనిదినాలు అని ఉంది, అంతే.

ఆస్తి సంగతికి వస్తే, ఒరిజినల్ వాళ్ల దగ్గరే ఉండాలి, ఉండనివ్వండి. మేం అడిగింది కాపీలు. రోగికి గానీ దగ్గరి బంధువులకు గానీ కేస్ పేపర్ల కాపీలు ఇవ్వకుండా గోప్యత పేరుతో డాక్టర్లు, ఆసుపత్రులు తప్పించుకోలేవని బాంబే హైకోర్టు 1996లోనే చెప్పింది. మహారాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌ మీద రఘునాథ్ రహేజా వేసిన కేసు అది. ఇవన్నీ రాసి జవాబిచ్చాను. దాంతోపాటు జిల్లా వైద్యారోగ్య శాఖాధికారికి ఫిర్యాదు పెట్టాను. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ వ్యవహారం నడిచేది ఆ డీఎంహెచ్‌ఓ ఆఫీసు నుంచే. డాక్టరు మీద చర్య కోరాలంటే వెళ్లాల్సింది రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి. నాకు ఆ డాక్టరు మీద కోపం లేదు, ఆయనకు ఈ తంతు గురించి తెలుసో లేదో కూడా అనుమానమే. అందుకే అక్కడికి వెళ్లలేదు.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. ప్రైవేటు ఆసుపత్రికి నేరుగా ఆర్టీఐ పెట్టలేం. అయితే ఆ చట్టంలోని సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం, ప్రభుత్వ అధికారి వేరే చట్టం కింద ఒక ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగల సమాచారం కూడా ‘సమాచారం’ కిందికే వస్తుంది. అంటే డీఎంహెచ్‌ఓ ఆఫీసుకు దరఖాస్తు పెట్టి, ఆసుపత్రి నుంచి తెప్పించి ఇమ్మని అడగొచ్చు. కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్నప్పుడు మన మాడభూషి శ్రీధర్ గారు 2014లో ఇచ్చిన ఒక ఉత్తర్వులో, తన వైద్య రికార్డు పొందడం రోగి హక్కని స్పష్టంగా చెప్పారు. నేను దరఖాస్తు రాసి సిద్ధంగా పెట్టుకున్నాను, పదిరూపాయల ఫీజుతో సహా. కానీ దానికి 30 రోజుల గడువుంటుంది. ఈలోగా ఆసుపత్రి నుంచే ఫోన్ వచ్చింది, వచ్చి తీసుకెళ్లమని. డీఎంహెచ్‌ఓ ఆఫీసు నుంచి వివరణ అడుగుతూ కాగితం వెళ్లిందని తర్వాత తెలిసింది.

ఎంఆర్‌డీలో టేబుల్ మీద కట్ట పెట్టారు. సంతకం పెట్టి తీసుకెళ్లమన్నారు. ‘అన్నీ చూసుకున్నాకే సంతకం పెడతానండీ’ అని అక్కడే కూర్చున్నాను. దయచేసి ఎవరూ ఇంటికెళ్లి చూసుకుందాంలే అనుకోకండి. నా జాబితాతో పోల్చి చూస్తే నర్సింగ్ అసెస్‌మెంట్, క్యాథ్ ల్యాబ్ నోట్స్ లేవు. అడిగితే తెచ్చిచ్చారు. స్టెంట్ స్టిక్కర్ ఉంది, దాని మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉన్నాయి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ ధరలకు పరిమితి పెట్టినప్పుడే బిల్లులో ఈ వివరాలు విడిగా చూపాలని చెప్పింది. మా బిల్లుతో పోల్చాను, సరిపోయింది.

ఇక ఎమర్జెన్సీ షీటు తీశాను. జిరాక్సులో ‘డీఎం’ (డాక్టర్లు షుగర్‌ను రాసే పొట్టి పేరు) అని రాసి, పక్కన ‘12 ఇయర్స్’ అనే ఉంది. నా గుండె జారిపోయింది. తర్వాతి పేజీ నర్సింగ్ అసెస్‌మెంట్. అదే రాత్రి, అరగంట తేడాతో ఒక సిస్టర్ రాసింది. అందులో షుగర్ దగ్గర ‘ఏడాదిన్నర నుంచి, మెట్‌ఫార్మిన్’ అని గుండ్రటి అక్షరాల్లో ఉంది. ఒకే రాత్రి, ఒకే మనిషి గురించి రెండు రకాలుగా ఎలా రాస్తారు? అనుమానం వచ్చి, ఒరిజినల్ చూపించమని అడిగాను.

అక్కడ పనిచేసే పెద్దాయన కాసేపు తటపటాయించి, లోపలికెళ్లి ఫైలు తెచ్చారు. “ఇక్కడే చూడండమ్మా, బయటికి తీసుకెళ్లకూడదు” అన్నారు. నీలం బాల్ పెన్నుతో రాసిన షీటు. ఒకటికీ రెండుకీ మధ్య చిన్న అడ్డగీత ఉంది. నువ్వుగింజంత గీత. ‘1-2 ఇయర్స్’. రాసిన డాక్టరు సరిగ్గానే రాశారు. జిరాక్సు మిషన్‌లో ఆ గీత పడలేదు. డిశ్చార్జ్ సమ్మరీ టైప్ చేసినవాళ్ల కంటికీ ఆనలేదు. ఒకటి రెండేళ్లు కాస్తా పన్నెండేళ్లయింది, నాన్న అబద్ధాలకోరు అయ్యారు.

ఆ పేజీని కలర్ స్కాన్ చేసి ఇమ్మన్నాను. పెద్దాయన స్వయంగా స్కాన్ చేసి, ప్రింటు తీసి, గీత కనిపిస్తోందో లేదో నాకు చూపించి, ‘ట్రూ కాపీ’ ముద్ర వేసి సంతకం పెట్టించుకొచ్చారు. ఆయన మీద కృతజ్ఞత నాకు ఎప్పటికీ ఉంటుంది. చేతిరాత కాగితాల విషయంలో జిరాక్సును నమ్మకండి. ఒరిజినల్ ఒకసారి కళ్లారా చూడండి, ముఖ్యమైన పేజీలకు కలర్ స్కాన్ అడగండి.

వైద్యం చేసిన డాక్టరు గారి దగ్గరికి ఆ రెండు పేజీలూ పట్టుకెళ్తే, చూసిన వెంటనే టైపింగ్ పొరపాటని ఒప్పుకున్నారు. అక్కడికక్కడే సరిదిద్దిన సమ్మరీ ఇప్పిస్తానన్నారు. పాతదాన్ని తీసేసి దాని స్థానంలో కొత్తది పెట్టొద్దని నేనే కోరాను. అలా చేస్తే తర్వాత మార్చి రాయించుకున్నారని ఇన్సూరెన్స్ వాళ్లు అంటారు. పాత సమ్మరీ అలాగే ఉంచి, ‘ఎమర్జెన్సీ షీటులో 1-2 సంవత్సరాలని ఉంది, సమ్మరీలో 12 అని పొరపాటుగా టైపయింది’ అని లెటర్‌హెడ్ మీద తేదీ, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో ఇచ్చారు.

కలర్ స్కాన్, నర్సింగ్ షీటు, డాక్టరు లేఖ, నాన్న దాచిన ల్యాబ్ రిపోర్టులు అన్నీ కలిపి ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ అధికారికి పంపాను, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేశాను. అక్కడ తేలకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, రెండు తెలుగు రాష్ట్రాలూ వారి పరిధిలోకే వస్తాయి, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. అంతదాకా పోలేదు. క్లెయిమ్ తిరిగి పరిశీలించి, గ్లౌజులూ సిరంజిలూ వగైరా కోతలు పోను మిగతాది నాన్న ఖాతాలో వేశారు. తిరస్కరణ ఉపసంహరించుకుంటున్నట్టు రాతపూర్వకంగా కూడా ఇమ్మని అడిగాను. అది వచ్చాక నాన్న దాన్ని పాత ఉత్తరానికి పిన్ను కొట్టి సంచీలో పెట్టుకున్నారు.

అడిగేవాళ్లకు ఇంకో రెండు మాటలు. మూడేళ్లు దాటితే ఫైలు లేదని చెప్పడానికి వాళ్లకు వీలుంటుంది. ఇప్పుడు అవసరం లేకపోయినా, పెద్ద ఆపరేషన్ ఏదైనా జరిగితే డిశ్చార్జ్ అయిన నెలలోపే కేస్ షీట్ కాపీ తీసి పెట్టుకోండి. రోగి చనిపోయిన ఇళ్లలో వారసులు అడగాల్సి ఉంటుంది, మరణ ధ్రువీకరణ పత్రం, సంబంధం చూపే కాగితం జత చేయాలి. ఆ దుఃఖంలో ఉన్నవాళ్లను కౌంటర్ల చుట్టూ తిప్పడం నేను ఎంఆర్‌డీ బయట కూర్చున్నప్పుడు కళ్లారా చూశాను. మనసు చివుక్కుమంది. మన సమాచారం ఏ కంపెనీ దగ్గర ఏముందో అడిగే హక్కు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని సెక్షన్ 11లో ఉంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ఆ హక్కు పూర్తిగా అమలయ్యేందుకు 18 నెలల వ్యవధి పెట్టారు. అప్పటిదాకా ఆసుపత్రుల విషయంలో 72 గంటల నియమమే మన ఆయుధం.

క్లెయిమ్ తేలాక ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, “మీ పని అయిపోయింది కదా మేడమ్, డీఎంహెచ్‌ఓ దగ్గర ఫిర్యాదు వెనక్కి తీసుకోండి” అని మర్యాదగానే అడిగారు. తీసుకోలేదు. రికార్డుల దరఖాస్తులు తీసుకోవడానికి ఒక కౌంటరు, ఇచ్చినట్టు రసీదు, 72 గంటల నియమం తెలుగులో రాసిన బోర్డు పెట్టాలని అందులో కోరాను. ఆ మూడూ పెట్టిన రోజున నేనే వెళ్లి ఫిర్యాదు మూసేయమని రాసిస్తానని చెప్పాను.